ఆఫీసు ఫోన్ల నుంచి ఎమ్‌డీఎమ్ తీసేశాం: గుంటూరు అనుభవం

ఎమ్‌డీఎమ్ అంటే కంపెనీ ఫోన్లనూ ల్యాప్‌టాప్‌లనూ ఒక్కచోటి నుంచే అదుపు చేసే సాఫ్ట్‌వేర్. దాన్ని పెట్టించేటప్పుడు అమ్మేవాళ్లు దగ్గరుండి అన్నీ చూసుకుంటారు. తీసేసేటప్పుడు మన తిప్పలు మనవే. మాది మిర్చి కొనుగోలు, కోల్డ్ స్టోరేజీ వ్యాపారం. హెడ్డాఫీసు గుంటూరు, బ్రాంచి విజయవాడ. యార్డులో తిరిగే కొనుగోలు సిబ్బంది చేతుల్లో అరవై పైచిలుకు ఆండ్రాయిడ్ ఫోన్లు, కోల్డ్ స్టోరేజీల్లో బస్తాల బార్‌కోడ్ చదివే స్కానర్లు పద్దెనిమిది, ఐప్యాడ్లు ఐదు, విండోస్ ల్యాప్‌టాప్‌లు ఇరవై రెండు ఉన్నాయి. ఇవి కాక సొంత ఫోన్లోనే ఆఫీసు మెయిల్ పెట్టుకున్నవాళ్లు ఓ డజను మంది. ల్యాప్‌టాప్‌లు మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎమ్‌డీఎమ్ అయిన ఇన్‌ట్యూన్ కింద, మిగతావన్నీ వేరే క్లౌడ్ ఎమ్‌డీఎమ్ కింద నడిచేవి. దాని చందా గడువు జూన్ 30. రెన్యూ చేయొద్దని, పాత ఫోన్లు తగ్గింపు ధరకు సిబ్బందికే ఇచ్చేయమని, ల్యాప్‌టాప్‌లు కూడా ఇన్‌ట్యూన్ నుంచి బయటికి తెమ్మని యాజమాన్యం ఏప్రిల్లో తేల్చింది. ఐటీ పని చూసేది నేనూ, నాతో ఇంకో కుర్రాడూ.

ముందు ఒక్క సంగతి బుర్రకెక్కితే సగం పని అయినట్టే. తాళం ఫోన్లో ఉండదు. ఫ్యాక్టరీ రీసెట్‌తో పోయేది ఫోన్లో ఉన్న భాగం మాత్రమే. ఈ ఐఎమ్‌ఈఐ (ప్రతి ఫోన్‌కీ ఉండే గుర్తింపు నంబర్) లేదా ఈ సీరియల్ నంబర్ ఫలానా కంపెనీదని గూగుల్ దగ్గరో, శాంసంగ్ దగ్గరో, ఆపిల్ దగ్గరో నమోదై ఉంటుంది. రీసెట్ అయిన ఫోన్ వైఫై దొరకగానే ఆ సర్వర్‌ని అడిగి, మళ్లీ మన ఎమ్‌డీఎమ్‌నే దించుకుంటుంది. అందుకని ఆండ్రాయిడ్ ఫోన్లలో వరుస తప్పకూడదు. ముందు డేటా బయటికి తీయాలి, తర్వాత ఆ నమోదుని మన ఎమ్‌డీఎమ్ నుంచి విడదీయాలి, తర్వాత వైప్ (ఎమ్‌డీఎమ్ నుంచి కమాండ్ పంపి ఫోన్ని చెరిపేయడం), అది పూర్తయ్యాక కన్సోల్లో, అంటే ఎమ్‌డీఎమ్ అడ్మిన్ పేజీలో, రికార్డు తీసేయడం, అన్నిటికన్నా చివర చందా. అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు సామాను మొత్తం బయటపడ్డాకే గదా ఇంటాయనకి తాళంచెవి ఇచ్చేది, అట్టాగే. చందా ముందే అయిపోతే కమాండ్ పంపే దారి మూసుకుపోతుంది, ఫోన్లో ఆంక్షలు మాత్రం అలాగే ఉండిపోతాయి.

ఏప్రిల్ అంటే యార్డులో సీజను. అప్పుడు ఏ ఒక్క ఫోన్నీ ముట్టుకోవడానికి లేదు. మే నడిమికి యార్డుకు వేసవి సెలవులు ఇస్తారు కాబట్టి వైప్‌లన్నీ అప్పటికి పెట్టుకుని, ఏప్రిల్ మొత్తం జాబితాలకూ పోర్టళ్ల లాగిన్లకూ వాడుకున్నాం. అది చాలదేమోనన్న భయం చివరిదాకా ఉంది.

జాబితా చేయడం చిన్న పనిలా కనిపిస్తుంది. ఎమ్‌డీఎమ్ కన్సోల్లో ఒక లెక్క, శాంసంగ్ ఫోన్ల నమోదు ఉండే నాక్స్ మొబైల్ ఎన్‌రోల్‌మెంట్ పోర్టల్లో ఇంకో లెక్క, మిగతా బ్రాండ్ల నమోదు ఉండే గూగుల్ జీరో టచ్ పోర్టల్లో మరో లెక్క, కొన్న బిల్లుల్లో వేరే లెక్క. తేడాకి రెండు కారణాలు దొరికాయి. రెండు సిమ్‌ల ఫోన్‌కి రెండు ఐఎమ్‌ఈఐలు ఉంటాయి. పోర్టల్లో మొదటిది ఎక్కి ఉంటే రెండోదానితో వెతికినప్పుడు లేదనే చూపిస్తుంది. స్టార్, హాష్, సున్నా, ఆరు, హాష్ కొట్టి రెండూ రాసుకోవాలి. ఒకరి పెట్టెలో ఇంకొకరి ఫోన్ ఉండటం మామూలే కాబట్టి పెట్టె మీది స్టిక్కర్ని నమ్మొద్దు. రెండో కారణం సర్వీస్ సెంటర్లో మదర్‌బోర్డు మార్చిన ఫోన్లు. బోర్డుతో పాటు ఐఎమ్‌ఈఐ మారిపోతుంది, పోర్టల్లో మాత్రం పాతదే ఉంటుంది. ఆ పాత నంబర్లనూ తీసేయాలి.

అసలు ఆలస్యం లాగిన్ల దగ్గర జరిగింది. జీరో టచ్ పోర్టల్‌కి అడ్మిన్‌గా ఉన్న గూగుల్ అకౌంట్ మానేసి వెళ్లిపోయిన ఉద్యోగిది. రెండో అడ్మిన్ లేడు. ఫోన్లు అమ్మిన రీసెల్లర్ తన వైపు నుంచి కొత్త అడ్మిన్ని చేర్చాలి. లెటర్‌హెడ్ మీద అభ్యర్థన, జీఎస్టీ సర్టిఫికెట్ కాపీ అడిగారు. ఇచ్చాక కూడా రెండు వారాలకు దగ్గరగా పట్టింది. ఫోన్ చేస్తే "పైకి పంపాం సార్" అన్న మాటే. ఇది రీసెల్లర్ మీదే ఆధారపడ్డ పని కాబట్టి మొదటి రోజే మొదలుపెట్టాలి, మిగతావి ఈలోపు చేసుకోవచ్చు.

ఎదురుచూస్తూ తాళాలు, కోడ్‌లు బయటికి తీశాం. ల్యాప్‌టాప్‌ల డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ రికవరీ కీలు 48 అంకెలు. అవి ఎంట్రా ఐడీలో (ఆఫీసు అకౌంట్లు, కంప్యూటర్ల రికార్డులు ఉండే మైక్రోసాఫ్ట్ సేవ) ఆ ల్యాప్‌టాప్ రికార్డు కిందే ఉంటాయి, రికార్డు తీసేస్తే కీ కూడా పోతుంది. పాత ఆపిల్ అకౌంట్ అడిగే యాక్టివేషన్ లాక్‌ని దాటించే ఐప్యాడ్ల బైపాస్ కోడ్‌లు ఎమ్‌డీఎమ్ సర్వర్లోనే భద్రంగా ఉన్నాయి, ఆ సర్వర్ పోతే అవీ పోయినట్టే. స్కానర్లలో కియోస్క్ (ఒక్క యాప్ తప్ప ఇంకేదీ తెరవనివ్వని కట్టడి) నుంచి బయటికొచ్చే పిన్ కూడా అంతే. వీటితో పాటు కన్సోల్ ఆడిట్ లాగ్‌లు దించుకున్నాం. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు దగ్గరుండాలి, చందా ఆగాక వెండర్ని బతిమాలుకునే పరిస్థితి రాకూడదు. అన్నీ పాస్‌వర్డ్ మేనేజర్లో ఒక కాపీ, ఎన్‌క్రిప్ట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ.

మే రెండో వారంలో మూడు ఫోన్లతో పరీక్ష పెట్టాం. వైప్ నొక్కేముందు రెండు విషయాలు చూసుకోవాలి. ఆఫీసు వైఫై పాస్‌వర్డ్‌ని ఫోన్లోకి పంపింది ఎమ్‌డీఎమ్మే. వైఫై ప్రొఫైల్‌ని ముందు తీసేస్తే ఫోన్ నెట్ నుంచి జారిపోతుంది, వెనక వచ్చే వైప్ కమాండ్ దానికి అందదు. రెండోది వీపీఎన్, అంటే ఫోన్ నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌కి వేసిన గుప్త దారి. మా ఫోన్లలో వీపీఎన్ లేనిదే నెట్ ఆడకుండా కట్టడి ఉంది. వీపీఎన్ గేట్‌వేని ఎవరైనా 'ఇంకెందుకులే' అని ముందే ఆపేస్తే అరవై ఫోన్లూ ఒక్కసారిగా మూగబోతాయి. అందుకే పాలసీలను (ఎమ్‌డీఎమ్ నుంచి పెట్టిన సెట్టింగులు, ఆంక్షలు) ఒక్కొక్కటిగా తీయడం మంచిది కాదు. అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంచి నేరుగా వైప్ పంపాలి.

కన్సోల్లో రిటైర్, వైప్, డిలీట్ అని మూడు బటన్లు ఉంటాయి. వాటి పేర్లు చూసి అర్థం ఊహించుకోవద్దు. సొంత ఫోన్లో ఉన్న వర్క్ ప్రొఫైల్‌కి (ఆఫీసు యాప్‌లు విడిగా ఉండే భాగం) రిటైర్. పూర్తిగా కంపెనీ చేతిలో ఉన్న (ఫుల్లీ మేనేజ్డ్) ఫోన్‌కి వైప్ తప్ప దారి లేదు, ఆ రకం ఎన్‌రోల్‌మెంట్ మామూలుగా ఫ్యాక్టరీ రీసెట్‌తోనే పోతుంది. డిలీట్ దగ్గరే గొడవ. కొన్ని ఎమ్‌డీఎమ్‌లలో అది నొక్కితే వైప్ కూడా వెళ్తుంది, కొన్నిటిలో రికార్డు మాత్రమే పోయి ఫోన్ యజమాని లేని ఫోనైపోతుంది. కెమెరా బ్లాక్ అయి ఉంటుంది, తీయమని చెప్పడానికి కన్సోల్లో ఆ ఫోనే ఉండదు. మీ దాంట్లో ఏం జరుగుతుందో ఒక్క ఫోన్ మీద చూసుకుని మొదలుపెట్టండి.

వైప్ నొక్కినప్పుడు వచ్చే చిన్న పెట్టెలో ఫ్యాక్టరీ రీసెట్ ప్రొటెక్షన్ సమాచారాన్ని ఉంచాలా అని ఒక టిక్కు ఉంటుంది. అది తీసేయాలి. ఉంచితే రీసెట్ అయ్యాక పాత గూగుల్ అకౌంట్ అడుగుతుంది. దీనికి తోడు ఫోన్లో సొంత జీమెయిల్ ఉంటే వైప్‌కి ముందే సెట్టింగ్స్‌లోంచి తీయించాం. బటన్లు నొక్కిపట్టి రికవరీ మెనూలోంచి రీసెట్ చేస్తే ఆ అకౌంట్ తప్పకుండా అడుగుతుంది. మా సిబ్బందిలో సగం మందికి తమ జీమెయిల్ పాస్‌వర్డ్ తెలీదు, కొన్న షాపులో ఎవరో పెట్టిచ్చినవే.

పోర్టళ్లలో కూడా రెండు మెట్లున్నాయి. జీరో టచ్‌లో ఫోన్‌కి కాన్ఫిగరేషన్ లేకుండా చేయడం ఒకటి, పూర్తిగా డీరిజిస్టర్ చేయడం ఇంకొకటి. నాక్స్‌లోనూ ప్రొఫైల్ విడదీయడం, ఫోన్నే డిలీట్ చేయడం వేర్వేరు. పూర్తిగా తీసేశాక మళ్లీ చేర్చాలంటే మామూలుగా రీసెల్లరే చేర్చాలి. కాబట్టి మొదట కాన్ఫిగరేషన్ మాత్రం విడదీసి, వైప్ చేసి, ఫోన్ మామూలుగా లేచిందని చూశాకే డీరిజిస్టర్ చేశాం. మామూలుగా లేవడమంటే వెల్‌కమ్ తెర రావడం కాదు. వైఫై పెట్టాక 'ఈ ఫోన్ మీ సంస్థది' అన్న తెర రాకుండా హోమ్ స్క్రీన్ దాకా వెళ్లాలి. వైఫై పెట్టకుండా దాటేసి 'అయిపోయింది' అనుకుంటే, ఇంటికి తీసుకెళ్లినవాడు నెట్ పెట్టిన రోజున అసలు రంగు బయటపడుతుంది.

మే మూడో వారంలో అసలు పని మొదలైంది. యార్డు సెలవులు, బయట నలభై రెండు డిగ్రీలు. సర్వర్ గదిలో ఏసీ ఉంది కాబట్టి బల్ల అక్కడే వేశాం. ఇది సుఖం కోసం కాదు. వేడెక్కిన ఫోన్ ఛార్జింగ్‌ని తనే నెమ్మది చేసుకుంటుంది, మామూలు గదిలో నలభై శాతం దగ్గర ఆగిపోయి కదలనివి కొన్ని ఉన్నాయి. యాభై శాతం దాటాకే వైప్ అని నియమం పెట్టుకున్నాం. మధ్యాహ్నాలు కరెంటు పోయేది, రౌటర్ని యూపీఎస్ మీద పెట్టాం. ఈ పని కోసమే పద్నాలుగు వందలు పెట్టి ఒక చిన్న వైఫై రౌటర్, రెండు వేల చిల్లరకి రెండు మల్టీపోర్ట్ ఛార్జర్లు కొన్నాం. ఆఫీసు వైఫైకి కాకుండా ఈ రౌటర్‌కి సులువైన పాస్‌వర్డ్ పెట్టడం బాగా కలిసొచ్చింది, రీసెట్ అయిన ప్రతి ఫోన్లో అది చేత్తో కొట్టాల్సిందే గదా.

వైప్‌కన్నా వాట్సాప్‌కే ఎక్కువ సమయం పోయింది. కొనుగోలు వాళ్ల వాట్సాప్ బిజినెస్‌లో రైతుల నంబర్లు, సరుకు ఫొటోలు, రేటు మాట్లాడుకున్న వాయిస్ మెసేజ్‌లు ఉంటాయి. అది పోతే వచ్చే సీజన్లో వాళ్లకి చేతులు విరిగినట్టే. కంపెనీ ఫోన్లో ఉండే ప్లే అకౌంట్ అసలైన జీమెయిల్ కాదు, దానికి డ్రైవ్ ఉండదు. కొత్త అకౌంట్ చేర్చడం పాలసీలో బంద్. ఎమ్‌డీఎమ్‌లో ఆ ఫోన్లతో ఒక గ్రూపు చేసి ఆ గ్రూపుకి మాత్రం అకౌంట్ చేర్చే అనుమతి ఇచ్చాం. అప్పుడు ఇంకో చిక్కు. వాట్సాప్ బ్యాకప్ ఇప్పుడు గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ లెక్కలోకే వస్తుంది. మూడు సీజన్ల వీడియోలున్న ఫోన్ అందులో పట్టదు.

పెద్ద ఫోన్లకి పనిచేసిన పద్ధతి ఇది. వాట్సాప్ సెట్టింగ్స్‌లో బ్యాకప్ నొక్కి లోకల్ బ్యాకప్ తాజాగా అయ్యేలా చూడాలి. పాలసీలో యూఎస్‌బీ ఫైల్ ట్రాన్స్‌ఫర్‌కి అనుమతిచ్చి, ఫోన్లో ఆండ్రాయిడ్ ఫోల్డర్ లోపల మీడియా, దాని లోపల ఉన్న వాట్సాప్ ఫోల్డర్ని మొత్తంగా కంప్యూటర్‌కి కాపీ చేయాలి. బిజినెస్ యాప్ అయితే ఆ ఫోల్డర్ పేరు చివర డబ్ల్యూ, నాలుగు, బీ అని ఉంటుంది. వైప్ అయ్యాక అదే పేరుతో అదే చోట ఫోల్డర్ని తిరిగి పెట్టి, ఆ తర్వాతే వాట్సాప్ ఎక్కించాలి. అదే నంబర్‌తో లాగిన్ అయితే బ్యాకప్ దొరికిందని అదే అడుగుతుంది. యాప్‌లో లాగిన్ అయిపోయాక ఫోల్డర్ పెడితే దానికి కనిపించదు. ఓటీపీ కోసం ఆ సిమ్ ఫోన్లోనే ఉండాలి. యూపీఐ యాప్‌లు కూడా మళ్లీ నమోదు అడుగుతాయి, అందుకు సిమ్ నుంచి ఎస్సెమ్మెస్ వెళ్లాలి. మా కార్పొరేట్ ప్లాన్లో కొన్ని సిమ్‌లకు ఎస్సెమ్మెస్ బంద్ చేసి ఉందన్న సంగతి అప్పుడు తెలిసింది. పగిలిన సిమ్ ఏదైనా మార్పిస్తే ఇరవై నాలుగు గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆడవు, ఆ ఫోన్‌ని మర్నాటికి వాయిదా వేయాల్సిందే.

కొన్ని ఫోన్లు వైప్ పంపితే 'పెండింగ్' అని కూర్చున్నాయి. కమాండ్ వెళ్లలేదని కాదు, ఫోన్ ఇంకా సర్వర్‌తో మాట్లాడలేదని. డేటా ఆపేసినవి, బ్యాటరీ సేవర్లో ఉన్నవి, సొరుగుల్లో చచ్చి పడి ఉన్నవి. ఛార్జ్ పెట్టి, తెర వెలిగించి, ఏజెంట్ యాప్ (ఫోన్లో ఉండే ఎమ్‌డీఎమ్ యాప్) తెరిచి సింక్ నొక్కితే చాలావరకు కొన్ని నిమిషాల్లోనే కదిలాయి. పెండింగ్‌లో ఉన్నదాని రికార్డుని విసుగొచ్చి డిలీట్ చేయకుండా ఉండటమే ఇక్కడ ఓపిక.

ఇంకా పాత ఫోన్లు నాలుగింటిలో వర్క్ ప్రొఫైలూ కాదు, ఫుల్లీ మేనేజ్డూ కాదు, డివైస్ అడ్మిన్ అనే పాతకాలం పద్ధతి. వాటిలో సెక్యూరిటీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి డివైస్ అడ్మిన్ టిక్కు తీస్తేగానీ యాప్ అన్‌ఇన్‌స్టాల్ కాదు.

సొంత ఫోన్లవాళ్ల దగ్గర పని ఐదు నిమిషాలు, నచ్చజెప్పడం అరగంట. తెనాలి వైపు తిరిగే ఒకాయన ఫోన్ చేతికివ్వడానికే ఇష్టపడలేదు. "అన్నా, ఇది నొక్కితే మా పాప ఫొటోలన్నీ పోతయ్యా?" అని అడిగాడు. ఆయన భయం న్యాయమైనదే. బ్రీఫ్‌కేసు గుర్తున్న యాప్‌లే పోతాయని తెర మీద చూపించి, సెట్టింగ్స్‌లో అకౌంట్ల కిందున్న 'రిమూవ్ వర్క్ ప్రొఫైల్' ఆయన చేతే నొక్కించాను. గ్యాలరీ అలాగే ఉంది. అయితే వర్క్ ప్రొఫైల్లో సేవ్ అయిన నంబర్లు పోతాయి, వాటిని ముందే ఎక్సెల్‌లోకి తీసుకున్నాం. అంతకన్నా ముఖ్యం, మెయిల్ లాగిన్‌కి వాడే ఆథెంటికేటర్ ఆ ప్రొఫైల్ లోపలే ఉంటుంది. బయట ఇంకోటి పెట్టి, దానితో ఒకసారి లాగిన్ అయి చూశాకే ప్రొఫైల్ తీయాలి. లేకపోతే మెయిల్లోకి వెళ్లడానికి కోడ్ కావాలి, ఆ కోడ్ ఇచ్చే యాప్ ఉండదు. తీసేసినట్టు ఒక కాగితం మీద ఇద్దరం సంతకం పెట్టుకున్నాం.

స్కానర్లు మావి జీబ్రావి. వీటిలో రీసెట్ రెండు రకాలని చాలామందికి తెలీదు. ఎంటర్‌ప్రైజ్ రీసెట్ యూజర్ డేటాని చెరిపేస్తుంది గానీ ఎంటర్‌ప్రైజ్ అనే విడి భాగాన్ని వదిలేస్తుంది. పెట్టించేటప్పుడు ఎవరైనా ఏజెంట్‌నీ, వైఫై సెట్టింగ్స్‌నీ అందులో దాచి ఉంటే రీసెట్ తర్వాత మళ్లీ అవే లేచి వస్తాయి. పూర్తిగా పోవాలంటే ఫ్యాక్టరీ రీసెట్టే. ఒక బ్యాచ్ స్కానర్లలో తేదీ కూడా తేడా కొట్టింది. సీజన్ తర్వాత బ్యాటరీ ఊడదీసి పెట్టడంతో గడియారం ఏళ్ల వెనక్కి పోయింది. మా కోల్డ్ స్టోరేజీ వైఫై సర్టిఫికెట్‌తో నడుస్తుంది. తేదీ తప్పుంటే సర్టిఫికెట్ చెల్లదు, సర్టిఫికెట్ చెల్లకపోతే నెట్ లేదు, నెట్ లేకపోతే తేదీ సరికాదు. సెట్టింగ్స్‌లోకి వెళ్దామంటే కియోస్క్ అడ్డం. ముందే రాసిపెట్టుకున్న పిన్‌తో బయటికొచ్చి తేదీ సరిచేశాం. ఆ పిన్ లేకపోతే ఏం చేసేవాళ్లమో ఆలోచించాలంటేనే గుండె దడ. చల్లని గదిలోంచి స్కానర్ని బయటి ఎండలోకి తెచ్చిన వెంటనే ఛార్జింగ్ క్రేడిల్లో పెట్టొద్దు. లోపలా బయటా నీరు చెమరుస్తుంది, ఓ గంట గాలికి ఆరనిచ్చాకే ఛార్జింగ్.

ఐప్యాడ్లు ఐదే, తలనొప్పి మాత్రం యాభై ఫోన్లంత. ఆపిల్ పుష్ సర్టిఫికెట్ ఏడాదికోసారి రెన్యూ చేయాలి. అది చచ్చిపోతే ఎమ్‌డీఎమ్ ఐప్యాడ్‌తో మాట్లాడలేదు, వైప్ కూడా పంపలేదు. మాది జూన్ మొదటి వారంలో అయిపోతోంది, నెలాఖరుకి అన్నీ మూసేసే పనికి కూడా రెన్యూ తప్పలేదు. డబ్బు ఖర్చేమీ లేదు, కానీ మొదట ఏ ఆపిల్ ఐడీతో చేశారో దానితోనే చేయాలి. వేరే ఐడీతో కొత్త సర్టిఫికెట్ తీస్తే అన్ని ఐప్యాడ్లనూ మళ్లీ ఎన్‌రోల్ చేసుకోవాలి. ఆ ఐడీ కంపెనీ మెయిల్ మీదే ఉంది గానీ కోడ్ వచ్చే నంబర్ ఆ మానేసిన కుర్రాడిదే. హైదరాబాద్‌లో ఉన్నాడు. "తమ్ముడూ, ఇప్పుడో ఆరంకెల కోడ్ వస్తది, చెప్పవా" అని ఫోన్ చేస్తే పాపం వెంటనే చెప్పాడు. లోపలికెళ్లాక మొదట చేసిన పని ఆ నంబర్ మార్చడం.

తర్వాతి వరుస ఇది. వాడేవాళ్ల సొంత ఆపిల్ అకౌంట్ సైనవుట్, ఫైండ్ మై ఆఫ్, ఎమ్‌డీఎమ్ నుంచి ఎరేజ్, ఆ తర్వాత ఆపిల్ నమోదు పోర్టలైన ఆపిల్ బిజినెస్ మేనేజర్లో రిలీజ్, అంటే కంపెనీ నమోదు తీసేయడం. రిలీజ్ చేసేముందు ఇది వెనక్కి తీసుకోలేరని హెచ్చరిస్తుంది, అమ్మేవాటికే చేయాలి. కంపెనీలోనే ఉంచుకునే రెండింటిని సర్వర్ నుంచి విడదీసి వదిలేశాం. రిలీజ్ కాకముందే ఐప్యాడ్‌ని ఆన్ చేసి వైఫై పెడితే రిమోట్ మేనేజ్‌మెంట్ తెర వచ్చేస్తుంది, అప్పుడు ఇంకోసారి ఎరేజ్ చేయాలి. ఒకదానికి యాక్టివేషన్ లాక్ తగిలింది. పేరు గడి ఖాళీగా వదిలి, పాస్‌వర్డ్ గడిలో బైపాస్ కోడ్ కొడితే తెరుచుకుంది. మా ఐప్యాడ్లలో ఈసిమ్ లేదు. ఉన్నవాళ్లు మాత్రం ఎరేజ్ పెట్టెలో 'డేటా ప్లాన్ ఉంచు' అన్నదానికి టిక్కు పెట్టుకోవాలి, లేకపోతే ఈసిమ్ కోసం స్టోర్ చుట్టూ తిరగాలి.

ల్యాప్‌టాప్‌లు జూన్ రెండో వారం నుంచి. ఎంట్రాలో చేరి ఉన్న ల్యాప్‌టాప్‌ని డిస్‌కనెక్ట్ చేస్తే ఆఫీసు మెయిల్ ఐడీతో ఇక లాగిన్ అవ్వలేరు, పిన్ కూడా పనిచేయదు. కాబట్టి ముందు ఒక లోకల్ అడ్మిన్ అకౌంట్ చేసి, రీస్టార్ట్ చేసి, దానితో నిజంగా లోపలికెళ్లి చూడాలి. లాగిన్ తెరలో పేరుకి ముందు చుక్క, వెనక్కి వాలిన గీత కొడితే లోకల్ అకౌంట్‌కే వెళ్తుంది. వన్‌డ్రైవ్‌లో మబ్బు గుర్తున్న ఫైళ్లు ల్యాప్‌టాప్‌లో లేనట్టే లెక్క. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్ల మీద రైట్ క్లిక్ చేసి 'ఎప్పుడూ ఈ కంప్యూటర్లోనే ఉంచు' పెట్టి, పచ్చ టిక్కులు వచ్చేదాకా ఆగాలి. డిస్‌కనెక్ట్ అయ్యాక డీఎస్‌రెగ్‌సీఎండీ స్టేటస్ కమాండ్ కొడితే అజూర్ ఏడీ జాయిన్డ్ ఎదురుగా నో అని రావాలి.

అకౌంట్స్ సెక్షన్ ల్యాప్‌టాప్‌లకి వేరే జాగ్రత్తలు. టాలీ డేటా వన్‌డ్రైవ్‌లోకి వెళ్లదు, సీ డ్రైవ్‌లో ఎక్కడుందో టాలీలోనే చూసుకుని కాపీ చేయాలి. టాలీ లైసెన్స్ ఆ కంప్యూటర్‌కే కట్టుబడి ఉంటుంది, వైప్‌కి ముందు అందులో లైసెన్స్ సరెండర్ చేయాలి. జీఎస్టీకి వాడే డిజిటల్ సంతకం టోకెన్ డ్రైవర్లు మళ్లీ ఎక్కించాలి. అందుకే అకౌంట్స్ మేడం "జీఎస్టీఆర్ త్రీబీ తారీఖు దాటేదాకా నా ల్యాప్‌టాప్ జోలికి రావద్దండీ" అన్నారు. ఆ నెలవారీ రిటర్ను గడువు ఇరవయ్యో తారీఖు, అది దాటాకే ముట్టుకున్నాం.

బయటికి అమ్మే ల్యాప్‌టాప్‌లకి ఇన్‌ట్యూన్ నుంచి వైప్, తర్వాత ఇన్‌ట్యూన్ రికార్డు, తర్వాత ఆటోపైలట్ (ల్యాప్‌టాప్ కంపెనీదని మైక్రోసాఫ్ట్ దగ్గర ఉండే) నమోదు, చివర ఎంట్రా రికార్డు తీసేయాలి. ఆటోపైలట్లో ఉండగా ఎంట్రా రికార్డు పోనే పోదు. ఆటోపైలట్లో తీసి సింక్ నొక్కాక కాసేపు జాబితాలో అలాగే కనిపిస్తుంది. కంగారుపడి మళ్లీ మళ్లీ నొక్కక్కర్లేదు, పోయేదాకా ఆగి అప్పుడు రీసెట్ చేసి చూడాలి. కంపెనీలోనే ఉండే వాటికి బిట్‌లాకర్ ఆఫ్ కాదు, ఎన్‌క్రిప్షన్ అలాగే ఉంటుంది. ఎప్పుడో బయోస్ అప్‌డేట్ వచ్చి 48 అంకెలు అడిగితే ఇవ్వడానికి కీ మన దగ్గర ఉండాలి.

ఈ మధ్యలో ఇద్దరు సిబ్బంది ఫోన్లని బజార్లో చూపించారు. పదిహేను వందలిస్తే ఎమ్‌డీఎమ్ తీసేస్తామన్నారట. అక్కడ చేసేది ఎక్కువగా ఏజెంట్‌ని నొక్కిపెట్టడమో, వేరే సాఫ్ట్‌వేర్ ఎక్కించడమో. శాంసంగ్‌లో అనధికార సాఫ్ట్‌వేర్ ఎక్కితే నాక్స్ వారంటీ బిట్ శాశ్వతంగా మారిపోతుంది, సెక్యూర్ ఫోల్డర్ ఇక పనిచేయదు. నాక్స్ నమోదు మాత్రం అలాగే ఉంటుంది, తర్వాతి రీసెట్‌కి మళ్లీ లేస్తుంది. పోర్టల్లో ఒక్క క్లిక్కుతో ఉచితంగా పోయేదానికి అది దండగ. వాళ్ల భయం మాత్రం అర్థమైంది, కంపెనీ నిజంగా వదులుతుందా అని. అందుకే ఫోన్ ఇచ్చేటప్పుడు కొన్నవాళ్ల ముందే రీసెట్ చేసి, వైఫై పెట్టి, హోమ్ స్క్రీన్ దాకా తీసుకెళ్లి చూపించాం. అమ్మకం బిల్లు మీద ఐఎమ్‌ఈఐ రాశాం.

జూన్ చివరి వారంలో మిగిలిన తుడుపు పని. మేనేజ్డ్ గూగుల్ ప్లే లింకు తెంచడం, ఎన్‌రోల్‌మెంట్ కోసం డొమైన్‌లో పెట్టిన డీఎన్ఎస్ రికార్డులు తీయడం, ఎమ్‌డీఎమ్‌కి ఇచ్చిన సర్వీస్ అకౌంట్ మూసేయడం. ప్లే లింకు ముందే తెంచొద్దు, ఫోన్లలో ఉన్న ప్లే అకౌంట్లన్నీ దాంతో పోతాయి. ఉబ్బిన బ్యాటరీల ఫోన్లు మూడు అమ్మకుండా ఈ-వేస్ట్ రీసైక్లర్‌కి ఇచ్చి రసీదు తీసుకున్నాం.

ఒక్క ఫోన్ మాత్రం మిగిలింది. మార్చిలో చిలకలూరిపేట బస్సులో పోయింది. దానికి పంపిన వైప్ ఇప్పటికీ పెండింగే. ఆ ఒక్కదాని కోసం లైసెన్స్ కొనసాగిద్దామంటే వెండర్ కనీసం ఇరవై ఐదు కొనాలన్నాడు, వదిలేశాం. దాని ఐఎమ్‌ఈఐని నాక్స్ పోర్టల్లో తీయలేదు, ప్రొఫైల్ కూడా విడదీయలేదు. ఆ పోర్టల్‌కి డబ్బు కట్టక్కర్లేదు కాబట్టి ఖర్చు లేదు. ఎవరైనా రీసెట్ చేసి నెట్ పెడితే ఎన్‌రోల్‌మెంట్ తెర దగ్గరే ఆగిపోతుంది. పోలీసు ఫిర్యాదు కాపీ, కొన్న బిల్లు జోడించి కేంద్ర ప్రభుత్వ పోర్టల్ సంచార్ సాథీలో సీఈఐఆర్ బ్లాక్ (పోయిన ఫోన్ నెట్‌వర్క్‌లలో ఆడకుండా ఆపడం) కూడా పెట్టాం. ఆ రిక్వెస్ట్ నంబర్ దాచుకోవాలి, ఫోన్ దొరికితే అన్‌బ్లాక్ చేయించడానికి అదే అడుగుతారు.